లైట్ తీస్కో మామా!

కొత్వాల్‌గూడ హిమాయత్‌సాగర్ పక్కనున్న ఊరు. దాని చుట్టూ పదిహేను కిలోమీటర్ల లోపు ఎన్ని కాలేజీలున్నాయో లెక్క పెట్టాలంటే కాస్త ఓపిక కావాలి. గండిపేట వైపు, అజీజ్‌నగర్ వైపు, శంషాబాద్ దాటి కాచారం వైపు ఇంజినీరింగ్ కాలేజీలు. రాజేంద్రనగర్‌లో వ్యవసాయ, పశువైద్య విశ్వవిద్యాలయాలు. 2008లో విమానాశ్రయం మొదలైంది, ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది, పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్ల మధ్య హాస్టళ్లూ జిమ్ములూ టీ కొట్లూ వెలిశాయి. పాలమూరు నుంచీ నల్గొండ నుంచీ కర్నూలు నుంచీ వచ్చిన పద్దెనిమిది, ఇరవై ఏళ్ల కుర్రాళ్ల రోజంతా వీటి మధ్యే గడుస్తుంది. మగపిల్లలు తమ మనసు గురించి పట్టించుకోరని వీళ్ల మీద ఒక మాట ఉంది. ఆ మాట నిజం కాదని నా వాదన. వీళ్లు పట్టించుకుంటున్నారు. మనసు బాగోలేని సాయంత్రం బైకు తీసి ఔటర్ సర్వీసు రోడ్డెక్కడం, జిమ్ములో గంట ఎక్కువ ఉండటం, తెల్లవారేదాకా ఫోన్‌లో గేమ్ ఆడటం, శనివారం రాత్రి నలుగురూ కలిసి బీరు తాగడం, ఇవన్నీ ఆ బాధకు వాళ్లు చేసుకుంటున్న వైద్యాలే. కొన్ని మేలు చేస్తాయి, కొన్ని కీడు చేస్తాయి. కానీ అన్నిటికీ ఒకటే షరతు ఉంది. లోపల ఏం జరుగుతోందో పక్కవాడికి తెలియకూడదు. ప్రాణం మీదికి తెస్తున్నది బాధకన్నా ఎక్కువగా ఈ షరతే.

ముందుగా అంకెలు చూద్దాం. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో మగవాళ్లు 1,22,724 మంది, అంటే నూటికి డెబ్బై రెండు మంది. అదే ఏడాది ప్రాణాలు తీసుకున్న విద్యార్థులు 13,044 మంది కాగా, వారిలో అబ్బాయిలు సగం కంటే కొద్దిగానే ఎక్కువ, నూటికి 53 మంది. జనాభాతో పోల్చి చూస్తే తెలంగాణ మొత్తం ఆత్మహత్యల రేటు దేశ సగటుకు రెట్టింపు దాటింది. ఇవి ఒకే తరాన్ని వెంబడించి కొలిచిన లెక్కలు కావు గనుక జాగ్రత్తగా చదవాలి. అయినా ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. విద్యార్థుల్లో ఆడామగా మధ్య తేడా కొద్దిగానే ఉంటే, మొత్తం జనాభాకు వచ్చేసరికి మగవాళ్లు ఆడవాళ్లకు రెండున్నర రెట్లున్నారు. అప్పులు, ఉద్యోగం, సంసారం, తాగుడు వంటి కారణాలు దీని వెనక ఉన్నాయనడంలో సందేహం లేదు. కానీ ఆ కష్టాలన్నీ మీద పడినప్పుడు ఏం చేయాలో, ఎవరికి చెప్పుకోవచ్చో, ఎవరికి చెప్పకూడదో మగవాడు నేర్చుకునేది మాత్రం ఆ ముందటి ఏళ్లలోనే, హాస్టల్ గదుల్లోనే.

బెంగళూరులోని నిమ్‌హాన్స్ 2015-16లో పన్నెండు రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. ఆ పన్నెండింటిలో మన రెండు రాష్ట్రాలూ లేవు. సర్వే నాటికి ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నవారు మగవాళ్లలో 13.9 శాతం, ఆడవాళ్లలో 7.5 శాతం అని అందులో తేలింది. మగవాళ్ల అంకె అంత పెరగడానికి పెద్ద కారణం మద్యం, ఇతర మత్తులు. డిప్రెషన్ ఉన్నవారిలో సుమారు 85 శాతం మందికి చికిత్సే అందడం లేదనీ అదే సర్వే చెప్పింది. ఇక్కడ ఒక చిక్కుంది. డిప్రెషన్ ఆడవాళ్లలోనే ఎక్కువని దాదాపు ప్రతి దేశపు లెక్కా చెబుతుంది. మరి ప్రాణాలు తీసుకునేది మగవాళ్లెందుకు ఎక్కువ? 2013లో అమెరికాలో కొందరు పరిశోధకులు ఈ చిక్కును విప్పే ప్రయత్నం చేశారు. ఏడుపు, నిరాశ, నీరసం వంటి మామూలు లక్షణాలతో పాటు కోపం, తాగుడు, ప్రమాదాలకు ఎదురెళ్లడం వంటివి కూడా లెక్కలోకి తీసుకుని కొలిచారు. అలా కొలిచేసరికి ఆడామగా తేడా దాదాపు పోయింది. మన హాస్టళ్లలో ఇలాంటి లక్షణాలను ఎవరూ రోగంగా చూడరు. నాలుగు వారాలుగా క్లాసుకు రానివాణ్ని బద్ధకస్తుడంటారు. ఊరికే గొడవకు దిగేవాడికి పొగరెక్కిందంటారు. వాడి నిద్ర పోయి ఎన్నాళ్లయిందో అడిగే నాథుడుండడు.

నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగవాణ్నీ నమ్మకూడదని మనకో సామెత ఉంది. ఒక్క వాక్యంలో ఇద్దరికీ అన్యాయం చేసిన సామెతలు అరుదు. ఏడుపుకు దారి మూసేసిన మన సంస్కృతి మగవాడి దుఃఖానికి ఒక్క తలుపు మాత్రం తెరిచి ఉంచింది, అది సారా కొట్టు తలుపు. 1953 నాటి దేవదాసు తాగాడు, 2017 నాటి అర్జున్ రెడ్డీ తాగాడు. మధ్యలో అరవై నాలుగేళ్లు గడిచాయి, మొదటివాడు నీరసంగా కూలిపోయాడు, రెండోవాడు అరిచి కొట్టి పగలగొట్టాడు. సినిమాలు కుర్రాళ్లను చెడగొట్టాయని నేననను, ఆ వాదన మరీ తేలిక. గుండె పగిలిన మగవాణ్ని తెర మీద చూపించాలంటే ఇన్నేళ్లకూ మనకు ఇంకో బొమ్మ దొరకలేదన్నదే గమనించాల్సింది. తెర బయటి లెక్క కూడా ఇలాగే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో 43.3 శాతం మంది మద్యం తాగుతున్నట్టు తేలింది. దేశంలో అరుణాచల్ ప్రదేశ్ తర్వాత అంతటి అంకె మనదే. మద్యం కాసేపు తేలికపరుస్తుంది గానీ నిద్రను చెడగొడుతుంది, దిగులును పెంచుతుంది, తొందరపాటుకు అడ్డం తీసేస్తుంది.

మగతనంలోని ఏ భాగం హాని చేస్తోందన్నది అసలు ప్రశ్న. ఎందుకంటే మగతనం అనగానే అంతా విషమేనని కొట్టిపారేసేవాళ్లున్నారు, అంతా వీరమేనని భుజాలు తట్టేవాళ్లున్నారు. 2017లో వచ్చిన ఒక పెద్ద పరిశీలన 78 నమూనాలలోని 19,453 మంది సమాచారాన్ని ఒకచోట చేర్చి మగతనపు నియమాలను విడివిడిగా తూచింది. పనికి ప్రాధాన్యం ఇవ్వడం అనే నియమానికీ మానసిక ఆరోగ్యానికీ చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదు. గట్టిగా చెడు చేసేవిగా మూడు తేలాయి. ఒకటి, ఎవరి సాయమూ తీసుకోకుండా అన్నీ నేనే చూసుకోవాలనుకోవడం. మిగతా రెండూ స్త్రీల మీద పెత్తనం, స్త్రీలోలత. ఈ నియమాలు ఎంత బలంగా ఉంటే అంతగా మానసిక ఆరోగ్యం దిగజారింది, సాయం కోరే అలవాటూ తగ్గింది. 2019లో ప్రచురితమైన మరో అధ్యయనం ఎనిమిది దేశాల్లో దాదాపు పద్నాలుగు వేల మంది మొదటి సంవత్సరం కాలేజీ విద్యార్థులను కదిపింది. రేపు మనసుకు కష్టమొస్తే తప్పకుండా సాయం తీసుకుంటామన్నవారు పాతిక శాతం లోపే. మిగతావారిని కారణమడిగితే ఎక్కువమంది, 56 శాతం, సొంతంగా చూసుకుంటామన్నారు. తర్వాతి కారణం, 48 శాతం మందిది, స్నేహితులతోనో బంధువులతోనో మాట్లాడుకుంటామన్నది. డబ్బు కాదు, దూరం కాదు, ముందు అడ్డొచ్చింది నేనే చూసుకుంటానన్న మాటే.

ఇప్పుడు మన కాలేజీల్లో మానసిక ఆరోగ్య దినం నాడు కట్టే ఫ్లెక్సీలు చూడండి. ధ్యానం చేయండి, డైరీ రాయండి, నీళ్లు తాగండి, ఫోన్ పక్కన పెట్టండి, మిమ్మల్ని మీరు ప్రేమించుకోండి. ప్రతి సలహా మంచిదే. ప్రతి సలహా ఒక్కడే చేసుకునేది కూడా. అసలు జబ్బు ఒంటరిగా మోయడమైనప్పుడు ఒంటరిగా తాగే మందులే రాసిస్తున్నామన్నమాట. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చన్నీళ్ల స్నానం చేస్తే జీవితం మారిపోతుందని చెప్పే యూట్యూబ్ ప్రసంగాలు మరో అడుగు ముందుకేస్తాయి. వాటి ప్రకారం దిగులు ఒక బలహీనత, దాన్ని జయించనివాడు సోమరి. సెల్ఫ్ కేర్ పేరుతో కుర్రాడికి అందుతున్నది పాత మగతనమే, కొత్త చొక్కా తొడుక్కుని.

అలాగని జిమ్మును తీసిపారేయడానికి లేదు. 2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన విశ్లేషణ 218 ప్రయోగాలను కలిపి చూసి నడక, పరుగు, యోగా, బరువులెత్తడం డిప్రెషన్‌ను గణనీయంగా తగ్గిస్తాయని తేల్చింది. అందులో ఒక ముచ్చటైన సంగతి ఉంది. బరువులెత్తడం ఆడవాళ్లకు ఎక్కువ పనిచేసింది, యోగా మగవాళ్లకు ఎక్కువ పనిచేసింది, అంటే మన జిమ్ములూ యోగా క్లాసులూ నిండే తీరుకు సరిగ్గా తలకిందులుగా. వ్యాయామం మందే, కాబట్టి చేయాల్సిందే. నిద్ర, వేళకు తిండి, మద్యం తగ్గించడం కూడా అంతే. కాకపోతే రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, దేని మీదా ఇష్టం లేకపోయినా, చచ్చిపోవాలన్న ఆలోచన తిరిగి తిరిగి వస్తున్నా, వాటిని దాచుకోవడానికి జిమ్మును వాడుకునేవాడు వైద్యం చేసుకుంటున్నట్టు కాదు, వాయిదా వేస్తున్నట్టు.

వెనకటి మగవాళ్లు ఇవేమీ లేకుండానే బతికారు కదా అని పెద్దలంటారు. కౌన్సెలింగులూ డిప్రెషన్లూ వాళ్లెరగరన్నది నిజమే. కానీ వాళ్లు ఒంటరిగా మోశారనుకోవడం పొరపాటు. తెలుగు చుట్టరికంలో బావామరుదుల మధ్య హద్దుల్లేని పరాచికానికి చోటుంది. తండ్రికి చెప్పలేనిది బావకు చెప్పుకోవచ్చు, మేనమామ దగ్గర అలగవచ్చు. పొలంలో పక్కపక్కన పని చేస్తున్నప్పుడు, రచ్చబండ మీద చుట్ట కాలుస్తున్నప్పుడు, నేరుగా మొహం చూడకుండా చెప్పుకునే మాటలుండేవి. ఆ లోకం మంచిదని నేను పాట పాడను. అందులో కులం ఉంది, ఇంటి ఆడవాళ్లకు ఆ రచ్చబండ మీద చోటు లేదు. కానీ ఒక మగపిల్లవాడు తన కష్టాన్ని చేరవేసుకోవడానికి దారులుండేవి. ఇప్పుడు పదో తరగతి కాగానే వాణ్ని రెసిడెన్షియల్ ఇంటర్ కాలేజీలో వేస్తున్నాం. పదిహేను, పదహారేళ్ల వయసులో రెండేళ్ల పాటు స్టడీ అవర్లు, ర్యాంకుల జాబితాలు. 2019 ఏప్రిల్‌లో తప్పులతో వెలువడిన తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ రెండేళ్లూ దాటుకుని ఇంజినీరింగ్‌లో చేరేసరికి బావలూ మేనమామలూ పెళ్లిళ్లలో కనిపించే మనుషులయ్యారు. వాళ్ల స్థానంలో రూమ్మేట్లు వచ్చారు. వీళ్లు ప్రేమ లేనివాళ్లు కారు, రాత్రి రెండింటికి ఆస్పత్రికి మోసుకెళ్లేది వీళ్లే. కానీ ఎవడైనా నోరు తెరవబోతే వీళ్లకు తెలిసిన ఓదార్పు ఒకటే, లైట్ తీస్కో మామా. అన్నవాడి ఉద్దేశం మంచిదే. విన్నవాడు మాత్రం మళ్లీ నోరు తెరవడు.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలతో సర్టిఫికెట్లు ఆగిపోతుంటే, క్యాంపస్ నియామకాలు తగ్గిపోతుంటే, కులం పేరుతో అవమానిస్తుంటే, మగతనం గురించీ మనసు గురించీ మాట్లాడటం కష్టాన్ని విద్యార్థి మీదికే నెట్టడం కాదా? హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల 2016 జనవరి 17న మరణించాడు. అంతకు ముందు నెలల తరబడి అతనికి ఫెలోషిప్ అందలేదు, మరో నలుగురితో పాటు అతన్ని హాస్టల్ నుంచి వెలివేశారు, వాళ్లు ఆరుబయట వెలివాడ పేరుతో గుడారం వేసుకున్నారు. ఆ మరణానికి కౌన్సెలర్ లేకపోవడమే కారణమని ఎవరైనా అంటే అది అబద్ధం. ఈ అభ్యంతరాన్ని నేను దాదాపుగా ఒప్పుకుంటాను. బకాయి తీర్చాల్సిన ప్రభుత్వం యోగా దినం జరిపితే సరిపోదు. అయితే అన్యాయం ఒక్కటే చాలదు, అది మనిషిని ఒంటరిని చేసినప్పుడే పూర్తిగా పనిచేస్తుంది. రెండు బ్యాక్‌లాగ్స్ ఉన్న కుర్రాడికి ఆ సబ్జెక్టులు నిజమైన కష్టం. సంవత్సరం పాటు ఇంట్లో అంతా పాసయ్యానని చెబుతూ రావడం రెండో కష్టం. ఇంటికి పెద్దకొడుకు, చదువుకున్న మొదటి తరం, చెల్లెలి పెళ్లికి ఆసరా అన్న పేర్లు మోస్తున్నవాడికి మొదటిదాని కన్నా రెండోదే బరువు. మొదటిది సప్లీ రాస్తే తీరుతుంది. పైగా మగతనం అందరికీ ఒకే ఖరీదుకు దొరకదు. ఆస్తి ఉన్న ఇంటి కుర్రాడు ఫెయిలైతే వ్యాపారంలోకి వెళ్తాడు. కూలి చేసి చదివించిన ఇంటి కుర్రాడికి ఫెయిలవడమంటే మనిషిగానే ఓడిపోవడమనిపిస్తుంది. కాబట్టి కులాన్నీ ఫీజునూ వదిలి మనసు గురించి మాట్లాడటం తప్పే, మనసును వదిలి వాటి గురించి మాత్రమే మాట్లాడటమూ తప్పే.

ఆడపిల్లల సంగతేమిటని అడగడం కూడా న్యాయమే. 2021 నుంచి 2022కు అబ్బాయి విద్యార్థుల ఆత్మహత్యలు ఆరు శాతం తగ్గితే అమ్మాయిలవి ఏడు శాతం పెరిగాయి. సానుభూతికి వాటాలు వేస్తే మగపిల్లలకు పెద్ద వాటా ఇవ్వమని ఎవరూ అనలేరు. కానీ ఇక్కడ వాటాల లెక్క కుదరదు. పైన చెప్పిన 2017 పరిశీలనలో స్త్రీల మీద పెత్తనం చెలాయించాలన్న భావన మగవాడి సొంత మనసుకే చేటని తేలింది కదా. తన దుఃఖాన్ని చెప్పుకోవడానికి ప్రపంచంలో ఒక్క ప్రేయసే ఉన్నవాడు ఆమె కాదన్న రోజున ఏమవుతాడో పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. ఆమెకు ముప్పు, తనకూ ముప్పు. స్నేహితుల దగ్గర ఏడవగలిగినవాడు అమ్మాయికి తక్కువ ప్రమాదకారి అవుతాడని నేను గట్టిగా అనుకుంటున్నాను.

మగవాళ్లు మాట్లాడరయ్యా, వాళ్లను కూర్చోబెట్టి మనసు విప్పమనడం దండగ అనేవారి మాటలో సగం సత్యముంది. బల్లకు ఎదురుగా కూర్చుని నీకేమనిపిస్తోంది అని అడిగితే చాలామంది బిగుసుకుపోతారు. అయితే సాయానికి రూపాలు చాలా ఉన్నాయి. గోవాలో తాగుడు సమస్యగా మారిన 378 మంది మగవాళ్ల మీద ఒక ప్రయోగం జరిగింది, ఫలితాలు 2017లో లాన్సెట్‌లో వచ్చాయి. వాళ్లతో మాట్లాడింది మనోవైద్యులు కాదు, శిక్షణ పొందిన స్థానికులు. ఒకటి నుంచి నాలుగు సిటింగులు, అంతే. ఏం తాగుతున్నావు, ఎందుకు, తగ్గించడానికి ఏం చేద్దాం అన్న పనికొచ్చే మాటలు. మూడు నెలల తర్వాత సమస్య అదుపులోకి వచ్చినవారు ఆ గుంపులో 36 శాతం, మామూలు వైద్యం మాత్రమే అందినవారిలో 26 శాతం. లక్ష మందికి ఒక్క మనోవైద్యుడు కూడా లేని దేశంలో దీని విలువ చిన్నది కాదు. ఎనిమిది దేశాల అధ్యయనంలో తప్పకుండా సాయం తీసుకుంటామనని విద్యార్థుల్లో దాదాపు సగం మంది స్నేహితులతోనో బంధువులతోనో చెప్పుకుంటామన్నారంటే శిక్షణ ఇవ్వాల్సింది ఎవరికో కూడా తెలిసిపోయింది. రూమ్మేట్‌కు నేర్పాల్సింది పెద్దగా లేదు. ఎలా ఉన్నావురా అని ఒకసారి అడిగితే బానే ఉన్నా అంటాడు, అందుకే రెండోసారి అడగాలి. బైకు మీదో, టీ కొట్టు దగ్గరో, వంట చేస్తున్నప్పుడో అడిగితే మేలు. సలహాకు తొందరపడకూడదు. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగడానికి భయపడకూడదు. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహేనని 2014లో అంతకు ముందరి అధ్యయనాలను సమీక్షించినవాళ్లు తేల్చారు. అవునన్నాడంటే ఆ రాత్రి వాణ్ని ఒంటరిగా వదలకూడదు. ఎవరికీ చెప్పనని వాడికి మాటిచ్చినా సరే, వార్డెన్‌కో ఇంటికో డాక్టర్‌కో చెప్పాల్సిందే.

చట్టం ఈపాటికి కొంత ముందుకే వెళ్లింది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మరణం కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు పదిహేను మార్గదర్శకాలిచ్చింది. వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలరో సైకాలజిస్టో ఉండాలనీ, హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో కనిపించేలా పెట్టాలనీ, సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలనీ చెప్పింది. అదే ఏడాది మార్చిలో ఉన్నత విద్యాసంస్థల విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై జస్టిస్ రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ కార్యదళాన్నీ వేసింది. కౌన్సెలర్‌ను పెట్టడం తేలిక. ఆ గదికి అబ్బాయిలు వచ్చేలా చేయడమే అసలు పని. ప్రిన్సిపాల్ గది పక్కన బోర్డు పెట్టి కూర్చోబెడితే లోపలికి వెళ్లేవాణ్ని కారిడార్ అంతా చూస్తుంది, సాయంత్రానికి వాడికి ఎర్రగడ్డ అని పేరు పడుతుంది. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం పేరు ఇప్పటికీ తిట్టుగానే వాడుకలో ఉంది, ఏటా వేలమందికి చికిత్స చేస్తున్నా సరే. ఆ గదిని ఆటల గది వెనకో, లైబ్రరీ పై అంతస్తులోనో పెట్టవచ్చు. హాజరు పట్టీ ఉండకూడదు. ప్రాణాపాయం ఉన్నప్పుడు తప్ప ఇంటికి ఫోన్ వెళ్లదని రాసి అంటించాలి. చదువు, ఉద్యోగం, నిద్ర అన్న పేరుతో తలుపు తెరిస్తే మనసు అన్న పేరుకన్నా ఎక్కువమంది వస్తారు, లోపలికి వచ్చాక మాట ఎటు వెళ్లాలో అటే వెళ్తుంది. ఆ గది దాకా వెళ్లలేనివాడికి 2022 అక్టోబర్ 10న మొదలైన టెలిమానస్ హెల్ప్‌లైన్ ఉంది. నంబరు 14416, డబ్బు కట్టనక్కర్లేదు, ఇరవై నాలుగు గంటలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. రూమ్మేట్ కోసం సలహా అడగాలన్నా అదే నంబరుకు చేయవచ్చు.